అన్నీ నా మీదుగానే

4వ తేదీ, సోమవారం

శుక్రవారంలోగా తేల్చమన్నాడు మేనేజరు. ఆయన దేన్నయినా తేల్చమనే అంటాడు. అందుకే మా ఆస్పత్రి కంప్యూటర్ల సెక్షన్లో ఆయన్ని తేల్చండిగారు అని పిలుచుకుంటాం. ఎదురుగా కాదులే.

ఇక్కడ రాసుకుంటే గానీ నాకు తేలదు. ఆస్పత్రిలో కంప్యూటర్ల కేబుళ్ళన్నీ స్విచ్చి అనే ఒకే పెద్ద పెట్టెలోకి వస్తాయి. కానీ లోపల నెట్‌వర్కులు వేరు. వార్డులది ఒకటి, ల్యాబుది ఒకటి, ఎక్స్‌రేది ఒకటి, బిల్లింగుది ఒకటి. ఒకే ఇంట్లో వేరు కాపురాలన్నమాట. ఒకదాని మాట ఇంకోదానికి వినపడదు. వినపడాలంటే మధ్యలో ఎవరో మోసుకుపోవాలి. ఇన్నేళ్ళుగా ఆ పని మెషీన్ల గదిలో మూల బల్ల మీదున్న నా రూటరు చేస్తోంది. స్విచ్చికీ దానికీ మధ్య ఒకటే కేబులు. ల్యాబు నుంచి వార్డుకు వెళ్ళే రిపోర్టు ఆ కేబులెక్కి రూటరు దాకా వచ్చి, ఫలానా వార్డుకని చీటీ మార్పించుకుని, మళ్ళీ అదే కేబులు మీదుగా దిగి పోతుంది.

ఇకపై ఈ మోతపని ఎవరు చెయ్యాలన్నదే తేల్చాల్సింది. దారులు మూడున్నాయి. ఒక్కో నెట్‌వర్కుకీ రూటరు నుంచి విడిగా కేబులు లాగడం మొదటిది. అది పాతకాలం పద్ధతి, రూటరుకి కేబుళ్ళు గుచ్చే పోర్టులు కూడా అన్ని లేవు, దాని ఊసు వదిలేయొచ్చు. రెండోది ఇప్పుడున్నట్టే ఒకే కేబులు మీద అన్నీ నడిపించడం, మరీ అవసరమైతే ఇంకాస్త గట్టి రూటరు పెట్టుకోవడం. మూడోది స్విచ్చికే ఆ పని అప్పజెప్పడం. ఇప్పుడు దారి చూపే తెలివి కూడా ఉన్న స్విచ్చిలొస్తున్నాయి. అలాంటిదొకటి పెడితే ఎక్స్‌రే గది మాట వార్డుకు స్విచ్చి లోపలినుంచే వెళ్ళిపోతుంది. నా రూటరు గుమ్మం తొక్కనక్కర్లేదు.

నా ఓటు రెండోదానికే. ఎవరు ఎవరితో మాట్లాడినా నా కళ్ళ ముందు నుంచే వెళ్ళాలి. తేడా వస్తే వెతకాల్సిన చోటు ఒకటే. బిల్లింగువాళ్ళు పేషెంట్ల ఫైళ్ళలోకి తొంగిచూడకూడదంటే అక్కడే ఆపేస్తాను. హాయిగా నడుస్తున్నదాన్ని కెలకడం దేనికి?

ఇంటికొచ్చేసరికి అమ్మ తన గది గుమ్మంలో నిలబడి ఉంది. "మీ అత్తగారికి చెప్పు తల్లీ, టీవీ సౌండు కాస్త తగ్గించుకోమని." అత్తయ్య చెయ్యి చాస్తే అందేంత దూరంలో సోఫాలో ఉంది. ఆ మాట ఆవిడ చెవిన పడింది. అయినా నా వైపే తిరిగి, "మీ అమ్మకి చెప్పు, చెవుల్లో దూది పెట్టుకోమని" అంది.

"తగ్గిస్తారటమ్మా" అన్నాను అటు తిరిగి. "తలనొప్పిగా ఉందట పాపం" అన్నాను ఇటు తిరిగి. రిమోటు నేనే తీసుకుని తగ్గించాను. గండం గడిచింది.

5వ తేదీ, మంగళవారం

అసలీ గొడవ ఎక్కడ మొదలైందా అని బస్సులో కూర్చుని తవ్వుకున్నాను.

అమ్మ ఉద్యోగమంతా లైబ్రరీలో గడిచింది. ఎవరైనా కుర్చీ బరబరా లాగితే, లేచి వెళ్ళి వాళ్ళ పక్కన నిలబడి ఊరికే చూసేదట. అత్తయ్య బస్సులో కండక్టరుగా చేసి రిటైరైంది. ఉప్పు అందించమన్నా సరే, దిగాల్సినవాళ్ళు దిగండి అన్నట్టే ఉంటుంది. అమ్మ మా దగ్గరికి వచ్చిన కొత్తలో వదినగారూ అంటే వదినగారూ అనుకుంటూ బాగానే ఉన్నారు. మా ఆయన స్నేహితులు భోజనానికి వచ్చిన రోజున మాత్రం, అమ్మ ఏదో చెప్పబోతుంటే అత్తయ్య అందరి ముందూ, "కాస్త నోరు తెరిచి మాట్లాడండి వదినగారూ, ఆ గొణుగుడు మీ పుస్తకాలకి తప్ప ఎవరికీ వినపడదు" అనేసింది. అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. మర్నాటి నుంచి ఆవిడతో నేరుగా మాట్లాడ్డం మానేసింది. అమ్మ మానేస్తే అత్తయ్య ఊరుకుంటుందా? ఆవిడా మానేసింది.

ఇక అన్నీ నా మీదుగానే. నేనే లేకపోతే ఈ ఇల్లు ఏమైపోయేదో.

7వ తేదీ, గురువారం

అమ్మ వెళ్ళిపోతానంటోంది.

పెద్దమ్మ దగ్గరికట. వచ్చే ఆదివారం కాక ఆ పై ఆదివారం, మధ్యాహ్నం రైలుకు. టికెట్టు కూడా తీసేసుకుంది. నాతో ఒక్క మాట అనలేదు. మళ్ళీ ఎప్పుడొస్తావంటే "చూద్దాం" అంది. చిన్నప్పుడు సైకిలు కొనిపెట్టమన్నా చూద్దాం అనేది. ఆ సైకిలు రానే లేదు.

"అత్తయ్య ఏమైనా అన్నారా?"

"ఆవిడ నన్నేమీ అనరు. అదేగా సంగతి."

అమ్మ వెళ్ళకూడదు. పొద్దున్నే లేచి హాల్లోకి వస్తే, అమ్మ ఆ కిటికీ దగ్గర కళ్ళజోడు తుడుచుకుంటూ కనపడాలి నాకు. ఈ వయసులో ఇంకా అమ్మ కొంగు పట్టుకుంటావా అంటే, అవును, పట్టుకుంటాను.

8వ తేదీ, శుక్రవారం

తేల్చలేదు. ఇంకో వారం గడువు అడిగాను. తేల్చండిగారు మొహం మాడ్చుకున్నాడు.

ఎక్స్‌రే డాక్టరమ్మ ఫోను చేశారు. "నేనిక్కడ తీసిన ఫొటో వార్డులో తెరుస్తుంటే, తల కనపడి కాళ్ళు కనపడేలోపు పేషెంటు లేచి నడిచి వెళ్ళిపోతున్నాడండీ." ఆవిడ మాటలెప్పుడూ ఇంతే. చూస్తానన్నాను.

ఇంట్లో అత్తయ్యకు అమ్మ ప్రయాణం సంగతి చెప్పాను. ఆవిడ చేతిలో చాకు, తరుగుతున్న క్యారెట్టు, రెండూ ఆగిపోయాయి. కాసేపటికి, "పోతే పోనీ" అంది. మళ్ళీ క్యారెట్టు మీద పడి టకటకా కోసేస్తూ, "పొద్దున్నే లేచి ఆ మొహం చూడకపోతే నాకు తెల్లారినట్టుండదు మరి. ఇక నేనెవరితో పోట్లాడాలట? గోడతోనా? ఆ మాట చెప్పు మీ అమ్మకి" అంది.

అలా ఎలా చెప్తాను? ఆ మొహం ఏమిటి, పోట్లాట ఏమిటి! అమ్మ అసలే నొచ్చుకుని ఉంది. "అత్తయ్య నిన్ను ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకోమన్నారమ్మా" అని మర్యాదగా చెప్పాను. "సంతోషం" అంది అమ్మ. వెళ్ళి పెట్టె కిందకి దింపుకుంది.

ఎంత మంచిగా చెప్పినా కరగదేం ఈ మనిషి?

10వ తేదీ, ఆదివారం

ఇద్దరికీ విడివిడిగా టీ పెట్టాను. అమ్మకు పంచదార లేకుండా, అత్తయ్యకు పంచదారతో. తలనొప్పి.

11వ తేదీ, సోమవారం

డాక్టరమ్మ ఫోనుతో ఊరుకోకుండా మెషీన్ల గదికే వచ్చేశారు. తెల్లకోటుతో ఆ కేబుళ్ళ మధ్య నిలబడి, "ఏదండీ నా ఫొటోని ఆపుతున్న పెట్టె?" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. అయినా చూపించాను. డాక్టర్లు వార్డులన్నీ తిరిగి చూసే సమయం అది. స్క్రీను మీద ఆ ఒక్క కేబులు రద్దీ చూపించే గీత పైకంటా వెళ్ళి అక్కడే అతుక్కుపోయింది. రూటరు తప్పేమీ లేదు. అది ఎంత చేయగలదో అంతా చేస్తోంది. వచ్చే మాటా పోయే మాటా ఒక్క కేబులు మీదే ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి.

"ఇది నా ఫొటో చూసి ఏం చేస్తుందండీ? ఎముక విరిగిందో లేదో చెప్తుందా?"

"లేదండీ. ఎక్కడికెళ్ళాలో చూసి పంపిస్తుంది."

"వార్డు నా పక్క గదేగా. ఇంతదూరం ఎక్కి దిగడం దేనికి?"

"నాకు తెలియాలి కదండీ, ఏది ఎటు పోతోందో."

"తెలిసి?"

తెలిసి ఏం చేస్తానో చెప్పాను. పోకూడనివి ఆపుతాను, దొంగచాటు రాకపోకలు పట్టుకుంటాను, ఇంకా ఏవేవో. ఆవిడ బుద్ధిగా తలూపి వెళ్ళిపోయారు. ఆ కట్టడులన్నీ కొత్త స్విచ్చిలోనూ రాసుకోవచ్చని నాకు తెలుసు. ఆవిడకి తెలియదు. నేను చెప్పలేదు.

12వ తేదీ, మంగళవారం

మా ఆయనకు ఈ గోలంతా చెప్పుకుంటే, పడీపడీ నవ్వి, "అక్కడా ఒకటే కేబులు, ఇక్కడా ఒకటే కేబులు. రెండుచోట్లా జామే" అన్నాడు. ఎగతాళిగా ఉంది ఈయనకి. ఒకవైపు అమ్మ, ఒకవైపు ఈయనగారి అమ్మ, అడకత్తెరలో పోకచెక్కలా నలిగేది నేను.

ఆయనతో మాట్లాడ్డం లేదు. భోజనానికి రమ్మని అత్తయ్యతో చెప్పి పంపాను.

14వ తేదీ, గురువారం

తేల్చాను. స్విచ్చికే అప్పజెప్పుతున్నాం.

పొద్దున్న కాగితం ముందేసుకుని రెండో పద్ధతి ఎందుకు మంచిదో రాశాను. కట్టడులా? స్విచ్చిలోనూ రాయొచ్చు, కొట్టేశాను. తేడా వస్తే వెతకడమా? దానికీ మార్గాలున్నాయి, కొట్టేశాను. పెద్ద రూటరు కొంటే? ఎంత పెద్దది తెచ్చినా పక్క గది మాట పైకెక్కి దిగడం తప్పదు. అదీ కొట్టేశాను. చివరికి నాకు అలవాటు అన్నదొక్కటే మిగిలింది. అది రిపోర్టులో రాయలేను కదా. రూటరు ఉంటుంది, కాకపోతే బయటి ఇంటర్నెట్టుకే. లోపలి మాటలు లోపల్లోపలే వెళ్ళిపోతాయి.

తేల్చండిగారు ఎంత సంతోషించాడంటే, ఈ ఆదివారమే మార్చేయమన్నాడు. ఓపీ ఉండదు, రద్దీ తక్కువ. అమ్మ రైలు ఆదివారమే. నోటిదాకా వచ్చిన మాట మింగేశాను. అత్యవసరాలు ఆదివారాలు చూసుకుని రావు, ల్యాబు ఎప్పుడూ నడవాల్సిందే. ఆ మార్పిడి ఇంకొకరి చేతిలో పెట్టలేను.

ఇంట్లో సంగతి మాత్రం వేరు. ఇక్కడ నేను పక్కకు తప్పుకుంటే ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు నమిలేస్తారు.

16వ తేదీ, శనివారం

అమ్మ బట్టలు సర్దుకుంటుంటే పక్కన కూర్చున్నాను. మడతలు పెట్టడానికి సాయపడదామని ఒక్కొక్కటీ విప్పేశాను. అమ్మ అన్నీ మళ్ళీ మడిచింది.

అవతలి గదిలో అత్తయ్య ఫోనులో ఎవరితోనో మాట్లాడుతోంది. వీధి చివరివాళ్ళు కూడా జవాబు చెప్పగలిగేంత గట్టిగా. అమ్మ కాసేపు విని, "అక్క ఇంట్లో గోడగడియారం తప్ప ఏమీ వినపడదు. ఈ గొంతు లేకపోతే నాకు ఇంట్లో మనుషులున్నట్టే ఉండదేమో" అంది. "అంత అలవాటు చేసి, ఇప్పుడు ఒక్కసారి ఉండమని కూడా అనలేదు చూడు ఆవిడ. నాకు కోపం రాదూ?"

నాకు ఏడుపొచ్చింది. అటు వెళ్ళి, "అమ్మకి మీ మీద కోపమేమీ లేదత్తయ్యా" అన్నాను. చెప్పదగిన ముక్క అదొక్కటే. కోపం ఉందన్నది వదిలేసి లేదని చెప్పాను. రేపు వెళ్ళే మనిషికి మంచిమాటతో సాగనంపడం కదా కావలసింది.

అత్తయ్య ఫోను కింద పెట్టింది. "కోపం కూడా లేదా?" అంది, ఈ ఇంట్లో నేనెప్పుడూ వినని చిన్న గొంతుతో. "సరేలే."

భోజనం చెయ్యకుండానే తలుపేసుకుంది.

17వ తేదీ, ఆదివారం

పొద్దున్న అమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని, ఇంటికొచ్చేలోపు వెళ్ళిపోకు అన్నాను. రైలు నా కోసం ఆగుతుందా అంది. మా ఆయన స్టేషనులో దింపేలా మాట్లాడుకుని ఆస్పత్రికి వెళ్ళాను.

పనంతా ఒక పద్ధతిలో పెట్టుకున్నాను. ఒక్కో నెట్‌వర్కుకీ బయటికి వెళ్ళే గుమ్మం చిరునామా ఒకటుంటుంది. అది ఇన్నాళ్ళూ రూటరులో ఉంది. అక్కడ తీసేసి, స్విచ్చిలో పెట్టాలి. వార్డులు అయ్యాయి. ఎక్స్‌రే అయింది. బిల్లింగు అయింది. ల్యాబు దగ్గర రిపోర్టులు నిలిచిపోయాయి. కొన్ని వెళ్తున్నాయి, కొన్ని వెళ్ళడం లేదు. అత్యవసర వార్డులో ఎవరికో రక్తం ఎక్కించాలి, గ్రూపు రిపోర్టు రావాలి. నర్సు కాగితం పట్టుకుని ల్యాబుకీ వార్డుకీ పరుగెత్తుతోందని ఫోనొచ్చింది. తల ప్రాణం తోకకొచ్చింది. స్విచ్చిలో చూశాను, అంతా సరిగ్గానే ఉంది. కేబుళ్ళు చూశాను, బాగానే ఉన్నాయి. చిట్టచివరికి రూటరులోకి వెళ్ళి చూస్తే, ల్యాబు పాత గుమ్మం అక్కడ అలాగే తెరిచి ఉంది. స్విచ్చిలో కొత్తది పెట్టాను గానీ పాతది తియ్యలేదు. ఒకే చిరునామాతో రెండు గుమ్మాలు. కొన్ని మెషీన్లు కొత్తదానికీ, కొన్ని పాతదానికీ పోతున్నాయి. పని నేర్చుకునేవాళ్ళకు మొదటిరోజే చెప్తాను, పాతది తీశాకే కొత్తది పెట్టమని. ఇన్ని మార్చినదాన్ని, ఆ ఒక్కటి ఎందుకు ఉంచానో. ఉండనీ, ఎందుకైనా మంచిదనుకున్నానేమో.

తీసేశాను. మెషీన్లు గుర్తుపెట్టుకున్న పాత దారులు కూడా చెరిపేశాను. రిపోర్టులు బిలబిలమంటూ వెళ్ళిపోయాయి. ల్యాబు నుంచి ఫోను చేసి చప్పట్లు వినిపించారు.

ఇంటికి ఫోను చేశాను. ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ చేశాను. అప్పటికి వాళ్ళు స్టేషనుకు బయలుదేరాల్సిన సమయం. మా ఆయనకు చేశాను.

"ఎక్కడున్నారు? అమ్మ ఎక్కేసిందా?"

"గుమ్మంలోనే ఉన్నాను. పెట్టె నా చేతిలోనే ఉంది. లోపల యుద్ధం జరుగుతోంది."

"అయ్యో! వెళ్ళి మధ్యలో నిలబడండి!"

"నేనా? నాకింకా బతకాలనుంది. నువ్వు కూడా తొందరపడి రాకు."

నేను ఆటో ఎక్కేశాను. మెట్ల మీదుండగానే అత్తయ్య గొంతు వినపడింది, అది మామూలే. ఆ వెంటనే ఇంకో గొంతు. ఎవరా అనుకున్నాను. అమ్మ! మా అమ్మ అరుస్తోంది. నా పెళ్ళిలో దండలు కనపడకుండా పోయినప్పుడు కూడా గొంతు పెంచని మనిషి.

ఆయన గుమ్మంలో పెట్టె మీదే కూర్చుని ఉన్నాడు. నన్ను చెయ్యి పట్టుకుని ఆపి, జరిగిందంతా చెవిలో చెప్పాడు. టైమవుతోందని అత్తయ్య ఖాళీ హాలు వైపు తిరిగి, "ఎవరైనా చెప్పండి ఆవిడకి, రైలు వెళ్ళిపోతుందని" అందట. అమ్మ గదిలోంచి, "ఇక్కడెవరూ లేరు వదినగారూ, మనిద్దరమే" అందట. తర్వాత అమ్మ, వెళ్తూ వెళ్తూ మర్యాదకు, "నా ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకోమన్నారట. సంతోషం" అందట.

"నేనా? నేనెప్పుడన్నాను? నేనేం డాక్టర్నా?"

"మరేమన్నారు?"

"పొద్దున్నే మీ మొహం చూడకపోతే నాకు తెల్లారదన్నాను! మీరు పోతే నేనెవరితో పోట్లాడాలన్నాను! మీకే నా మీద కోపం కూడా లేదట!"

"కోపం లేదని ఎవరన్నారు? బోలెడంత ఉంది! అందరిలో నన్నలా అంటే ఉండదా?"

ఇక్కడిదాకా ఆయన చెప్పింది, ఆ పైది నేను చెవులారా విన్నది.

"అయితే ఆ మాట నాతో అనాలి! నా మొహం మీద అనాలి!"

"అంత గట్టిగా అరవకండి, నాకు వినపడుతోంది!"

"అరవకపోతే మీ అమ్మాయి మధ్యలో దాన్ని ఇంకోటి చేసేస్తుంది!"

నేను అడుగుపెట్టింది సరిగ్గా అప్పుడే. ఇద్దరూ నా వైపు తిరిగారు. ఇద్దరి కళ్ళూ ఎర్రగా ఉన్నాయి.

"నేనేం చెప్పాను, నువ్వేం చెప్పావు?" అంది అమ్మ.

"కోపం లేదని చెప్తావా? రాత్రంతా ఏడ్చాను తెలుసా?" అంది అత్తయ్య.

"ఇద్దరూ బాధపడకూడదని..." అన్నాను.

"నిన్నెవరడిగారు?" అన్నారిద్దరూ, ఒక్కసారే.

చెప్పుల స్టాండు మీద కూలబడి నేనూ ఏడ్చాను. నా ఏడుపు ఎవరూ పట్టించుకోలేదు. వాళ్ళు మళ్ళీ మొదలెట్టారు, భోజనాల రోజు దగ్గర్నుంచి ఒక్కొక్కటీ. అత్తయ్య మధ్యలో, "ఆ రోజు నాది తప్పే వదినా, నోరు జారాను" అంది, వీధంతా వినేలా. అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని, "తెలిసిందిగా, ఇక కూర్చోండి" అంది. గారు తగిలించకుండా అత్తయ్య వదినా అనడం అదే మొదటిసారి.

రైలు వెళ్ళిపోయింది. పెట్టె ఇంకా గుమ్మంలోనే ఉంది. తీసి లోపల పెట్టమని ఎవరూ అనలేదు, నేనే పెట్టాను.

18వ తేదీ, సోమవారం

డాక్టరమ్మ ఫోను. "ఫొటో నొక్కగానే వచ్చేసిందండీ. ఇదివరకు ఈలోపు టీ తాగేదాన్ని, ఆ సుఖం పోగొట్టారు." నవ్వాను. రూటరు దగ్గరికి వెళ్ళి చూశాను. లైట్లు నింపాదిగా వెలుగుతున్నాయి. ఇన్నేళ్ళూ ఎంత మోసింది. దుమ్ము తుడిచి వచ్చాను.

ఇంట్లో నాతో ఎవరికీ పని లేకపోయింది. కాసేపు చిన్నతనంగా అనిపించింది. ఆ మాట మా ఆయనతో నేరుగా చెప్పాను.

21వ తేదీ, గురువారం

పెద్దమ్మ ఫోను చేసింది. గది కడిగించి పెట్టిందట, కొత్త దుప్పటి కూడా వేసిందట. "ఎప్పుడొస్తుందో మీ అమ్మని కనుక్కుని చెప్పవే" అంది.

అమ్మ వంటింట్లో ఉంది. అత్తయ్యతో కూరలో ఉప్పు గురించి భీకరంగా వాదిస్తోంది. ఫోను పట్టుకునే వెళ్ళి అడిగాను. అమ్మ గరిటె అలా పట్టుకునే తల తిప్పి ఒక మాట అని, మళ్ళీ వాదనలో పడిపోయింది.

"ఏమందే? నాకు సరిగ్గా వినపడలేదు" అంది పెద్దమ్మ.

ఆవిడ నొచ్చుకుంటుందేమోనని ఒక్క క్షణం నాలుక చివర మెత్తటి మాటలు నాలుగు చేరాయి. వాటిని అక్కడే ఆపేశాను.

"రాదట పెద్దమ్మా. ఇక్కడ పోట్లాట సగంలో ఉందట" అన్నాను. ఒక్క ముక్క కూడా మార్చలేదు.